పదహారున్నర కిలోలు

గన్నవరం నుంచి సురబయ
ఎంత దూరమని అడిగితే
ఫోను ఒక్క క్షణం ఆలోచించి
నాలుగు వేల నాలుగొందల కిలోమీటర్లంది,
ఐదున్నర గంటలంది.
బంగాళాఖాతం మీద నీలం గీత ఒకటి
మిరపకాయలా కాస్త వంచి గీసింది.

గుంటూరు మిర్చి యార్డు గోడ వెనక
కమిషన్ కొట్టు గుమస్తాని నేను, బాజీ అంటారు.
తేజా రకం, రెండు కిలోల శాంపిల్
మైనం కాగితంలో చుట్టి, పైన గుడ్డ కుట్టి
చిరునామా మూడుసార్లు సరిచూశాను.
సరుకు తర్వాత ఓడలో పోతుంది, తాపీగా.
శాంపిల్ మాత్రం పెళ్ళికొడుకు,
విమానం ఎక్కాల్సిందే.

"ఎంత దూరం బాజీ?" అంది కోటిరత్నం
తొడిమ తుంచుతూ, తల ఎత్తకుండా.
చెప్పాను.
"ఆ లెక్క నేనేం చేసుకోను? నా లెక్కలో చెప్పు."
ఆమె లెక్క నాకు తెలుసు.
గంటకు మూడు కిలోలు,
చేతులు మండని రోజైతే.
"పదహారున్నర కిలోలు."
"ఓస్! పొద్దున కూర్చుంటే
అన్నం వేళ దాటాక లేవచ్చు.
అంతేనా దేశాంతరం?"

అంతే కాదు మరి.
ఆ నీలం గీత మీద ఏ విమానమూ నడవదు.
ముందు కాజ టోలుగేటు,
మంగళగిరి దగ్గర ఇసుక లారీలు,
వారధి మీద కృష్ణలోని ఇసుక తిన్నెలు చూస్తూ పావుగంట,
బెంజి సర్కిల్లో ఎర్రదీపం,
రామవరప్పాడు రింగులో ఇంకోటి.
తూర్పుకి పోవాల్సినది
ముందు పడమటికి, హైదరాబాదుకి పోతుంది.
ఆపైన సింగపూరు గోడౌన్లో ఓ రాత్రి
ఎవరివో పెట్టెల మధ్య పడుకుంటుంది.
అన్నీ కలిపితే ఇరవై ఆరు గంటలు.

"డెబ్బై ఎనిమిది కిలోలా!"
తొడిమ ఆమె వేళ్ళ మధ్యే ఆగింది.
"మూడు రోజుల కూలి.
గీత గీసినోడెవడో గాని
ఆ దారిన ఎప్పుడూ పోలేదయ్యా."

అక్కడ మనకంటే గంటన్నర ముందే తెల్లారుతుందని కూడా చెప్పాను.
"అయితే వాళ్ళకి కూలి గంటన్నర ముందే ఇస్తారా?"
షెడ్డంతా నవ్వింది.
నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే తుమ్ములొస్తాయి.
ఇక్కడ తుమ్ముని శకునంగా పట్టించుకుంటే
ఒక్క లారీ కదలదు.

సాయంత్రం ప్యాకెట్టు బయల్దేరింది.
పిట్టలకు కారం తెలియదంటారు,
నిజమో కాదో.
విమానమూ పిట్టే కదా,
కడుపులో రెండు కిలోల మంట పెట్టుకుని
చల్లగా పోయుంటుంది.

ఐదో రోజు ఫోన్లో ఓ ఆడమనిషి గొంతు వచ్చింది.
ఒక్క ముక్క అర్థం కాలేదు.
రంగు బాగుందట, రేటు తగ్గించాలట.
అది దలారి తర్వాత విప్పి చెప్పిన సంగతి,
ఏ భాషలోనైనా ఉండే సంగతే.
కానీ ఆ మాటల మధ్యలో
కాగితం చిరిగిన చప్పుడు,
ఒక్క నిమిషం నిశ్శబ్దం,
తర్వాత తుమ్ము.
ఒకటి, రెండు, మూడు.

ఇరవై మంది ఆడవాళ్ళు చేతులాపి విన్నారు.
మళ్ళీ పెట్టమన్నారు.
మళ్ళీ పెట్టాను.
"మన కాయే" అంది మస్తాన్ బీ.
కోటిరత్నం ఎర్రబడ్డ వేళ్ళతో ఫోను ముట్టుకోకుండా
దాని దగ్గరికి వంగి
ఇంట్లో పిల్లకి చెప్పినట్టు
"చిరంజీవ, నూరేళ్ళు" అంది.

అనవసరమని తెలుసు,
అయినా ఆ మాట పంపించాను.
"ఇది పోడానికి ఎన్ని కిలోలు?" అందామె.
లెక్కేసి చెబుదామని చూస్తే
ఆమె చేతిలోంచి జారిన తొడిమ
ఇంకా నేల మీద పడలేదు.